ఆ మనిషి ముందు చదవగలమా? గిరిజనులు, శరణార్థుల గురించి వార్తలు చదివేవారికీ, రాసేవారికీ, పంపేవారికీ ఒక మార్గదర్శి

కొన్నేళ్ళ కిందట శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలోని ఒక కొండ ఊరి నుంచి నెలలు నిండిన సవర అమ్మాయిని డోలీలో కిందికి మోసుకొచ్చారు. అప్పుడు నేను ఒక పేపరుకి మండల విలేకరిని. ఫొటో నా ఫోన్‌కి వచ్చేసరికి పొద్దున్న ఏడయింది. పది కాకుండానే వార్త పంపేశాను. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు కాలాల్లో వేశారు. డోలీలో ఆ అమ్మాయి ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. చీర పక్కకి జరిగి ఉంది. కింద నా వాక్యం: ‘అమాయక గిరిజనుల అవస్థలు వర్ణనాతీతం.’ ఆ రోజు చాలామంది ఫోన్ చేసి బాగా రాశావన్నారు.

రెండు నెలల తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్ళాను. ఆ అమ్మాయి అత్తగారు రేకు పెట్టెలోంచి ఆ పేపరు ముక్క తీసి, “సదువు బాబూ, ఏటి రాసేరో ఇందాం” అన్నారు. చదివాను. ‘అమాయక’ అన్న చోట నా గొంతు నాకే తేడాగా వినిపించింది. ఆవిడ చివరిదాకా విని, “మోసినోళ్ళ పేర్లేవి బాబూ? నా కోడలి పేరేది? ముఖం మాత్రం ఏసేసేరు” అన్నారు.

నలుగురు కుర్రాళ్ళు అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో భుజాలు మార్చుకుంటూ వాగు దాటించారు. నొప్పుల తీరు చూసి సాయంత్రమే కర్ర, దుప్పటి సిద్ధం చేయించింది ఈ అత్తగారే. సిగ్నల్ దొరికే బండ దాకా చీకట్లో ఎక్కి 108కి ఫోన్ చేసింది ఇంకో కుర్రాడు. ఇవన్నీ నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఒక రాత్రి ఇంత పని చేసిన మనుషుల్ని నేను ‘అమాయకులు’ అనే ఒక్క మాటలో చుట్టేశాను.

ఆ రోజు నుంచి ఏం రాసినా, ఏం పంపినా ఒక్కటే చూసుకుంటున్నాను: దీన్ని ఆ మనిషి ముందు కూర్చుని పైకి చదివి వినిపించగలనా? కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కునే దారులే. కొత్త విలేకరులు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు, కొండలెక్కి రీల్స్ తీసే కుర్రాళ్ళు, బళ్ళో పిల్లలకి పేపరు చదివించే మాస్టార్లు వీటిని వాడుకోవచ్చు.

మొదటి అడుగు: ఎవరి గురించో పేరు పెట్టి చెప్పండి

‘గిరిజనులు’ అనేది అందరికీ కలిపి పెట్టిన పేరు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో వీటి నుంచి విడిపోయిన పార్వతీపురం మన్యంలోనూ ఉన్న సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఒకే జనం కాదు. సవరల భాష మనం మాట్లాడే తెలుగుకి చుట్టం కూడా కాదు. అది సంతాలీ, ముండారీ చేరిన ముండా కుటుంబానికి చెందింది. జాతాపుల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. ఇద్దరి గురించీ ‘గిరిజన భాషలో మాట్లాడారు’ అని రాస్తే ఇద్దరి గురించీ తప్పు రాసినట్టే.

సవర భాషని ‘లిపి లేని యాస’ అని రాయడం నేను చాలాసార్లు చూశాను. సవరకి 1936లోనే ఒడిశాలో మంగేయి గొమాంగో లిపి తయారుచేశారు, దాన్ని సొరాంగ్ సొంపెంగ్ అంటారు. అంతకుముందే మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే ఆ భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన వాడుక తెలుగు కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. సవర పిల్లలు సవరలోనే చదువుకోవాలని బడులు పెట్టిన సంగతి ఆ రోజు ఉపన్యాసాల్లో పెద్దగా వినిపించదు.

‘ఆదిమ’ అన్న మాట కూడా వదిలేయాలి. కొండసవరల్లాంటి సమూహాలని కేంద్ర ప్రభుత్వం ఒకప్పుడు ‘ఆదిమ తెగలు’ అనేది. 2006లో ఆ పేరు తీసేసి ‘ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాలు’ అని మార్చింది. ప్రభుత్వమే వదిలేసిన మాటని మన శీర్షికలు ఇంకా పట్టుకుని ఉన్నాయి.

ఇక దేశం దాటి వచ్చినవాళ్ళ సంగతి. తెలుగులో నాలుగైదు మాటలని కలగాపులగం చేసేస్తున్నాం. తన దేశంలో జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాల వల్ల ప్రాణభయంతో వేరే దేశానికి వచ్చినవారు శరణార్థులు. పనికోసం వెళ్ళినవారు వలస కార్మికులు. సొంత దేశంలోనే ఇల్లు పోగొట్టుకున్నవారు నిర్వాసితులు. హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయర్ కింద ఊళ్ళు పోయినవారిని మనం అలాగే పిలుస్తాం. ‘చొరబాటుదారు’ అనేది ఆరోపణ. అధికారులు తేల్చకముందే ఆ మాట వాడితే తీర్పు మనమే ఇచ్చేసినట్టు. శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. అయినా టిబెటన్లకీ, శ్రీలంక తమిళులకీ చోటిచ్చింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్తేనే పాఠకుడికి పూర్తి బొమ్మ కనిపిస్తుంది.

వీటన్నిటికంటే పాత మాట మనకి ఒకటుంది: కాందిశీకులు. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకి’ అని. ఏ దిక్కుకి పోవాలిరా దేవుడా అంటూ పరిగెత్తేవాడు కాందిశీకుడు. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ చట్టంలోనూ కనిపించలేదు.

రెండో అడుగు: క్రియలూ, గౌరవ వాచకాలూ గీత గీసి చూడండి

ఇది కాస్త ఓపికగా చేయాల్సిన పని. తెలుగులో పక్షపాతం చాలాసార్లు వాక్యం చివర్న ఉంటుంది. పేపరు తీసుకుని ఒక వార్తలో ‘అన్నాడు’, ‘అన్నారు’, ‘చెప్పింది’, ‘తెలిపారు’ అన్నవాటి కింద గీతలు గీయండి. ముప్పై ఏళ్ళ నాయకుడు ‘తెలిపారు’. డెబ్బై ఏళ్ళ సవర పెద్దాయన ‘వాపోయాడు’. మండలాఫీసులో అధికారి ‘ఆదేశించారు’. ఊరి ఆడమనిషి ‘కన్నీరుమున్నీరైంది’. ఈ తేడా ఎవరూ కావాలని పెట్టరు. చేతికి అలవాటైపోయింది. నా పాత వార్తలు తీసి ఇలా గీతలు గీసుకున్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఇప్పుడు నా పద్ధతి ఒక్కటే: ఒక వార్తలో ఒకరికి ‘గారు’ పెడితే అందరికీ పెడతాను, లేదా ఎవరికీ పెట్టను. పెద్దలెవరైనా ‘అన్నారు’.

మాట తీరులోనూ ఇదే జరుగుతుంది. అధికారి యాసని దిద్ది శుభ్రమైన తెలుగులో రాస్తాం. కొండ మీది మనిషి మాటని మాత్రం ముక్కలు ముక్కలుగా, వచ్చీరాని తెలుగులా అచ్చేస్తాం. తన భాషలో ఆయన గడగడా మాట్లాడగల మనిషి కదా! మన యాసని సినిమాల్లో, టీవీ స్కిట్లలో, మీమ్స్‌లో నవ్వులకి వాడుకుంటే సిక్కోలు వాళ్ళకి ఎంత కడుపు మండుతుందో మనకి తెలుసు. అదే పని మనం కొండ మీదివాళ్ళకి చేయకూడదు. యాస రాయాలనుకుంటే ఆ మనిషిని అడిగి రాయండి, అందరిదీ రాయండి.

తర్వాత క్రియలు. శరణార్థులు ‘వచ్చారా’, ‘చొరబడ్డారా’, ‘పోటెత్తారా’? తాకిడి, వెల్లువ, ముంచెత్తడం అన్నీ నీళ్ళ మాటలు. నాగావళికి వరదొస్తే మనం ఏం చేస్తాం? ఇసుక బస్తాలు వేస్తాం, గట్టు పెంచుతాం. మనుషుల్ని వరద అని రాస్తే చదివినవాడి ఆలోచన ఇసుక బస్తాల వైపే పోతుంది. ఆ చోట అంకె వేయండి. ఎంతమంది, ఎప్పుడు, ఎక్కడి నుంచి అని రాస్తే వాక్యం దానంతటదే నెమ్మదిస్తుంది.

పురుగుల పేర్లు, జంతువుల పేర్లు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోవాలి. 1994లో రువాండాలో ఒక రేడియో టుట్సీ తెగవాళ్ళని నెలల తరబడి ‘బొద్దింకలు’ అంటూ వచ్చింది. ఆ ఏడాది మూడు నెలల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో స్థాపకుల్ని దోషులుగా తేల్చింది. ఒక గ్రూపులో ‘చీడపురుగులు’ అన్న పోస్టు చూసి ‘ఏదో కోపంలో అన్నాడులే’ అని వదిలేసేముందు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నేర వార్తల్లో కులం, తెగ పేరు ఇంకో జబ్బు. బ్రిటిష్ వాళ్ళు 1871లో చట్టం చేసి కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులన్నారు. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. అయినా ‘ఫలానా తెగ దొంగల ముఠా’ అన్న శీర్షిక ఇంకా వస్తూనే ఉంది. ఇద్దరు దొంగతనం చేస్తే ఇద్దరి పేర్లు రాస్తే చాలు. అనవసరంగా కులం ప్రస్తావించొద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా చెప్తుంది.

కాస్త పక్కకి: మనమే ‘కోరంగీలు’గా ఉన్న రోజులు

మాటల గురించి చెప్తున్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. వందేళ్ళ కిందట గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే ఇప్పటి మన ఊళ్ళ నుంచే, వేలమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. అది ఊరి పేరు కాస్తా తిట్టుగా మారింది. 1930 మేలో రేవు కూలీ తగువు దగ్గర మొదలై రంగూన్‌లో అల్లర్లు రేగాయి. అందులో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవుల మీదుగా నడిచి వచ్చారు, దారిలో ఎందరో చనిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ‘రంగం వెళ్ళొచ్చిన తాత’ కథ ఉంటుంది. అడిగి చూడండి. రంగూన్‌ని మన పెద్దలు రంగం అనేవారు. ఆ తాతని ఆ రోజు పేపరువాళ్ళు ఎలా రాసి ఉంటే మనకి బాగుండేదో, ఇవాళ ఇంకొకరి తాత గురించి అలాగే రాయాలి.

మూడో అడుగు: ఎవరు మాట్లాడుతున్నారో లెక్కపెట్టండి

ఎర్ర పెన్ను, నీలం పెన్ను తీసుకోండి. వార్తలో ఆ జనం వాళ్ళే పేరుతో మాట్లాడిన వాక్యాలకి నీలం, వాళ్ళ గురించి ఇతరులు మాట్లాడినవాటికి ఎరుపు పెట్టండి. ఏజెన్సీలో విషజ్వరాల వార్త తీసుకుంటే అధికారి, డాక్టరు, అధికార పార్టీ, ప్రతిపక్షం అన్నీ ఎరుపే ఉంటాయి. జ్వరం వచ్చిన మనిషి మాట ఉండదు, లేదంటే ‘స్థానికులు చెబుతున్నారు’ అని ఉంటుంది. పేజీ మొత్తం ఎర్రగా ఉంటే అందులోని సమాచారం తప్పని కాదు, సగమే ఉందని. మిగతా సగం దొరికేదాకా పంచకుండా ఆగొచ్చు.

నీలం ఉన్నా ఇంకో ప్రశ్న మిగులుతుంది: తర్జుమా ఎవరు చేశారు? అధికారి జీపు డ్రైవరో, పక్కన నిలబడ్డ ఊరి నాయకుడో తర్జుమా చేస్తే ఆ పెద్దాయన అధికారి గురించి అసలు మాట ఎలా చెప్తారు? సవర, తెలుగు రెండూ వచ్చిన ఆశా కార్యకర్తనో, చదువుకుంటున్న పిల్లనో, ఆ ఊరికే చెందిన టీచర్నో అడగండి. వాళ్ళకి చార్జీలు, భోజనం ఖర్చు ఇవ్వండి. వార్తలో వాళ్ళ పేరు వేయాలో వద్దో వాళ్ళనే అడగండి.

మనవాళ్ళ విషయంలో ఇదంతా మనకి చెప్పకుండానే వచ్చు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మన రెండు జిల్లాల మత్స్యకారుల్ని 2020 జనవరిలో వదిలిపెట్టారు. వాళ్ళు వాఘా దాటి వచ్చేదాకా మన పేపర్లు ప్రతి ఇంటికీ వెళ్ళాయి. భార్యల పేర్లు రాశాయి, అప్పులు రాశాయి, పిల్లలు ఏం అడుగుతున్నారో రాశాయి. పొట్టకూటి కోసం వెళ్ళి గీత దాటారని అందరం అర్థం చేసుకున్నాం. గీత దాటిన వేరే మనిషి గురించి వార్త వచ్చినప్పుడు ఆ పేజీలే కొలతగా పెట్టుకోండి.

నాలుగో అడుగు: ఫొటో, వీడియో ఎక్కడిదో తేల్చుకోండి

2018 జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో సంత రోజు. సంచార జాతివాళ్ళు అయిదుగురు అడుక్కోవడానికి ఆ ఊరొచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అనుకుని జనం వాళ్ళని కొట్టి చంపేశారు. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన ఒక ఫొటోలో చిన్న పిల్లల శవాలు వరుసగా ఉన్నాయి. అవి 2013లో సిరియాలో రసాయన దాడిలో చనిపోయిన పిల్లలవి. తిరిగిన వీడియో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్న ఉన్న సందేశాన్ని కత్తిరించేశారు. ఒక దేశపు యుద్ధంలో పోయిన పిల్లల ఫొటో ఇంకో దేశపు బిచ్చగాళ్ళ ప్రాణం తీసింది. ఆ ఏడాది మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పుకార్లతో కొత్తవాళ్ళని కొట్టారు, హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని చంపేశారు.

ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాల గుర్తు ఉన్న మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. రెండు బాణాలు కనిపించాయంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, రాసిందెవరో పంపినవాళ్ళకి తెలియదని అర్థం.

చూసుకునే పద్ధతి ఇది. ఫొటో అయితే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే ఫొటో పాత తేదీతో ఎక్కడైనా వచ్చిందేమో చూడండి. మొదట కనిపించే జవాబుతో ఆగకండి, అన్నిటికంటే పాత తేదీ వెతకండి. వీడియో అయితే మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి, ఒక్కోటీ విడిగా వెతకాలి. అప్పటికీ దొరక్కపోతే ఫొటో పెద్దది చేసి బండి నంబరు, షాపు బోర్డు మీది లిపి, పొలంలో పంట, జనం వేసుకున్న బట్టలు చూడండి. మే నెల అని చెప్తున్న వీడియోలో స్వెట్టర్లు ఉంటే తేలిపోయినట్టే. గొంతు విడిగా అతికించారేమో పెదాలు చూస్తే తెలుస్తుంది. కృత్రిమ మేధతో చేసిన బొమ్మల్లో బోర్డుల మీది అక్షరాలు, గుంపులో వెనక ఉన్న ముఖాలు చాలాసార్లు తేడాగా ఉంటాయి. ఆ తేడా కనిపించనంత మాత్రాన బొమ్మ నిజమని అనుకోకండి.

నిజమైన ఫొటో దగ్గరా ఒక ప్రశ్న ఉంది. 2015 సెప్టెంబరు 2న టర్కీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన పసివాడి ఫొటో ప్రపంచమంతా చూసింది. మొదట చాలా పత్రికలు వాడి పేరు ఐలాన్ అని రాశాయి. కుటుంబం వాడిని పిలుచుకునే పేరు అలాన్. వాడితో పాటు తల్లీ, అన్నా కూడా మునిగిపోయారు. ఆ ఫొటో దేశాల మనసు కొంత కదిలించింది, నిజమే. కానీ ఆ తండ్రి ఆ ఫొటోని జీవితాంతం ఎక్కడో ఒకచోట చూస్తూనే ఉండాలి. డోలీ ఫొటో విషయంలో నేనిప్పుడు తీసుకున్న నిర్ణయం ఇదే: డోలీ కనిపించాలి, దారి కనిపించాలి, మోసేవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ ముఖాలు కనిపించాలి. నొప్పులు పడుతున్న ఆడమనిషి ముఖం కనిపించకూడదు. రోడ్డు లేదని చెప్పడానికి ఆమె ముఖం అవసరం లేదు.

ఐదో అడుగు: పోస్టు మీ దాకా ఎందుకొచ్చిందో తెలుసుకోండి

మయన్మార్‌లో రొహింగ్యాలనే ముస్లిం మైనారిటీ జనానికి 1982 చట్టంతో పౌరసత్వం పోయింది. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం దాడులకి భయపడి 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ వెళ్ళిపోయారు. మయన్మార్‌లో చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. ద్వేషం వ్యాపించడంలో సామాజిక మాధ్యమాలు నిర్ణాయక పాత్ర పోషించాయని 2018 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం అధ్యక్షుడు మార్జుకి దారుస్మాన్ చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులో మయన్మార్ సైన్యాధిపతి ఖాతాని ఫేస్‌బుక్ తీసేసింది. తాము చేయాల్సినంత చేయలేదని నవంబరులో ఒప్పుకుంది. అప్పటికి ఊళ్ళు కాలిపోయి ఏడాది దాటింది.

ఈ వేదికలు మనం ఎక్కువసేపు ఉండే పోస్టుని ఇంకా ఎక్కువమందికి చూపిస్తాయి. కోపం వచ్చిన మనిషి ఎక్కువసేపు ఉంటాడు, కామెంట్ పెడతాడు, ఇంకొకరికి పంపుతాడు. అందుకే చెడ్డ పోస్టు కింద ‘సిగ్గులేదా’ అని రాసినా దానికి బలం పోసినట్టే. దాని కింద వాదన పెట్టుకోకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లింకు, తేదీ రాసుకోండి, తర్వాత రిపోర్ట్ కొట్టండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి వేదికకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. వాళ్ళ జవాబుతో తృప్తి లేకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన అప్పీలు కమిటీకి వెళ్ళొచ్చు. తెలుగులో రాసిన తిట్టు అయితే ఫిర్యాదులో దాని అర్థం రెండు లైన్లలో విడమర్చి రాయండి. మన ఊరి మాటలోని వెక్కిరింపు, తెలుగు రాని మనిషికి తెలియదు.

ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టే రాత, బొమ్మ 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. 14566 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. అయితే బాధితుల్ని అడగకుండా మీరే ముందు దూకకండి. కేసు అంటే వాళ్ళు రేపు అదే ఊళ్ళో, అదే సంతలో తిరగాలి.

ఇంట్లో గ్రూపుల సంగతి వేరు. అక్కడ చట్టం కంటే చుట్టరికం పనిచేస్తుంది. మా పెద్దనాన్నగారి వరస ఆయన ఒకరు రోజూ ఏదో ఒకటి పంపుతుంటారు. గ్రూపులో అందరి ముందు తప్పంటే ఆయన ఇంకో నాలుగు పంపుతారు. అందుకే విడిగా ఇలా రాస్తాను: ‘పెద్దనాన్నా, మీరు పొద్దున్న పంపిన వీడియో చూశాను. అది మన దగ్గరిది కాదట, చాలా పాతది, ఇదిగో అసలుది. మీరు పంపారంటే చిన్నోళ్ళు నిజమనుకుంటారు. మీరే ఒకమాట గ్రూపులో చెప్తే బాగుంటుంది.’ మూడుసార్లలో ఒకసారైనా ఆయనే తీసేసి, ‘అది తప్పంట’ అని రాస్తారు. ఆయన రాసిన ఆ రెండు మాటలు నేను రాసే పేజీ కంటే ఎక్కువమంది నమ్ముతారు.

ఆరో అడుగు: మీరే తీసేటప్పుడు, రాసేటప్పుడు

పాతపట్నం దాటి, పర్లాకిమిడి మీదుగా వెళ్తే ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి వస్తుంది. 1959లో దలైలామా భారత్ వచ్చాక వెనకే వచ్చిన టిబెటన్లకి 1963లో అక్కడ చోటిచ్చారు. అడవి బాగుచేసుకుని మొక్కజొన్న వేశారు. జిరాంగ్‌లో కట్టిన పెద్ద బౌద్ధారామాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. ఇప్పుడు మన కుర్రాళ్ళు బళ్ళ మీద వెళ్ళి ‘మినీ టిబెట్’ అని రీల్స్ పెడుతున్నారు. గుడి అందంగా ఉంటుంది, కొండలూ బాగుంటాయి. కానీ ఎన్ని రీల్స్ చూసినా ఒక్క టిబెటన్ మనిషి మాట వినిపించదు. ఎర్రబట్టల పిల్ల సన్యాసి వెనక నుంచి నడిచివెళ్తాడు, పైన పాట. ఇక్కడ ద్వేషమేమీ లేదు. ఆ మనుషులు చెట్టూ చేమల్లో కలిసిపోయారు, అంతే.

చలికాలంలో మన టౌన్లలో రోడ్డు పక్క స్వెట్టర్లు అమ్మేవాళ్ళని మనం ‘నేపాలోళ్ళు’ అనేస్తాం. విజయనగరంలో ఒకావిడని ఏ ఊరమ్మా అని అడిగాను. చంద్రగిరి అన్నారు. పుట్టింది అక్కడే, పెళ్ళయింది అక్కడే, టిబెట్ ఎప్పుడూ చూడలేదట. ఒడియా, హిందీ, టిబెటన్ వచ్చు, బేరమాడేటంత తెలుగూ వచ్చు. నాలుగు భాషల్లో బతుకుతున్న మనిషిని ఇన్నేళ్ళూ వేరే దేశం పేరుతో పిలిచాను.

కాబట్టి రీల్ తీసేముందు మూడు పనులు. మొదటిది, ఫోన్ బయటికి తీయకముందే మాట్లాడండి. పేరు అడగండి, మీ పేరు చెప్పండి. ఎక్కడ పెడతారో చూపించండి. ‘ఫొటో తీయొచ్చా’ అంటే మొహమాటానికి ఊ అంటారు. ‘ఇది ఇన్‌స్టాలో వేలమంది చూస్తారు, పర్లేదా’ అని అడిగితే అసలు జవాబు వస్తుంది. రెండోది, ప్రార్థన, చావు, వైద్యం జరిగేచోట కెమెరా వద్దు. సవర ఇంటి గోడ మీది బొమ్మలు పూజకి వేసేవి, అవి మీ వెనక తెర కావు. మూడోది, నేరంలో ఇరుక్కున్న, హింసకి గురైన, సంరక్షణ గృహంలో ఉన్న పిల్లల ముఖం, పేరు, బడి, ఊరు ఏవీ బయటపెట్టకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అది నేరమంటుంది. పారిపోయి వచ్చిన కుటుంబాల విషయంలో పెద్దవాళ్ళ పేర్లు కూడా అడక్కుండా వేయకండి. వాళ్ళ తరఫువాళ్ళు ఇంకా అక్కడే ఉండొచ్చు.

ఇంకొక్క మాట. కొండ ఊరు మన పేజీల్లోకి డోలీ రోజున, జ్వరాల రోజున, ఎన్నికల రోజున వస్తుంది. మిగతా రోజులు రాయండి. జీడిపిక్కల ధర గురించి ఆ రైతునే అడగండి. మొదటిసారి కానిస్టేబుల్ పరీక్ష రాస్తున్న పిల్ల ఏ పుస్తకం చదువుతోందో అడగండి. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు ఒక్కటే రాసి రాసి, అక్కడి కొబ్బరితోటల మనుషులకి ఎంత చేటు చేశామో మనకి తెలుసు కదా.

ఏడో అడుగు: తిరిగి తీసుకెళ్ళండి

అచ్చయినది పట్టుకుని ఆ ఊరు వెళ్ళి పైకి చదవాలి. ఇది విలేకరులు మానేసిన పని, రీల్స్ తీసేవాళ్ళు మొదలే పెట్టని పని. ఎవరికైనా ఇబ్బందిగా ఉన్న వాక్యం ఉంటే నెట్‌లోంచి ఆ రోజే తీయించండి, పేపర్లో సవరణ వేయించండి.

ఆ మెళియాపుట్టి ఊరి వార్త నేను రెండోసారి రాశాను. మోసిన నలుగురినీ, బండ ఎక్కిన కుర్రాడినీ అడిగి వాళ్ళ పేర్లు వేశాను. కోడలు తన పేరు వద్దన్నారు, వేయలేదు. అత్తగారు ఏం చేశారో మొదటి పేరాలో పెట్టాను. పేపరు వచ్చిన మర్నాడు వెళ్ళి అరుగు మీద కూర్చుని చదువుతుంటే ఆవిడ మధ్యలో ఆపేశారు. వాగు పేరు నేను తెలుగులో ఒకలా రాశాను, వాళ్ళు సవరలో ఇంకోలా అంటారు. నా చేత మూడుసార్లు పలికించారు. జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చెప్పినట్టు రాసుకుని, సాయంత్రం డెస్కుకి పంపాను. రెండు లైన్ల సవరణ లోపలి పేజీలో వచ్చింది. ఆ ముక్క కూడా ఇప్పుడు ఆ రేకు పెట్టెలోనే ఉంది.